నీటిలోని విషము: చిన్న జీవుల సాక్ష్యము

నెల్లూరు జిల్లా బోగోలు ప్రాంతమున ఒక చెరువుకట్టపై నిలిచియుండగా, పెద్దరైతు ఒకరు నన్నొక ప్రశ్న అడిగిరి. "అయ్యా, పైరుకి మందు కొట్టి వారమయింది. కయ్యల్లో నీళ్లు దిగి ఈ చెరువులోనే కలస్తన్నాయి. ఒక్క చేపన్నా తేల్లేదు. ఇంక ఈ నీళ్లకొచ్చిన దోషమేంది?"

ప్రశ్న సమంజసమైనదే. మన నిబంధనలు కూడ ఇంచుమించుగా ఈ ప్రశ్ననే అడుగుచున్నవి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములకు చేర్చిన సాధారణ ప్రమాణములలో, కర్మాగారములనుండి వెలువడు మురుగునీటికి ఒక జీవపరీక్ష విధింపబడినది. మరేమియు కలుపని ఆ నీటిలో చేపలను విడిచినచో, 96 గంటల పిమ్మట నూటికి తొంబది చేపలు బ్రతికియుండవలెను. 96 గంటలనగా నాలుగు దినములు. ఐదవ దినమున ఏమగునో, బ్రతికిన చేప తరువాత గ్రుడ్లు పెట్టగలదో లేదో ఆ పరీక్ష అడుగదు. రైతు అడిగినదియు, శాసనము అడిగినదియు ఒక్కటే: చచ్చినదా, చావలేదా?

కాని విషము చేయు పని చంపుట ఒక్కటియే కాదు. ఆ సంగతి తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు చేపకంటె చాల చిన్నదైన జీవిని సాక్షిగా పిలిచిరి. ఆ సాక్షిని గూర్చియే నేటి ప్రసంగము.

వానలు పడిన కొన్నాళ్లకు చెరువు అంచున ఒక గాజుగ్లాసుతో నీరు ముంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడుడు. తెల్లని నలుసులవంటివి ఒక్కొక్క కుదుపుతో పైకి లేచి, మరల మెల్లగా దిగుచుండుట కనబడవచ్చును. అవి నలుసులు కావు, ప్రాణులు. డాఫ్నియా, మొయినా, సీరియోడాఫ్నియా అనునవి వీని శాస్త్రీయ నామములు. గెంతుచున్నట్లు ఈదుట వీని లక్షణము. పేరునకు నీటిపురుగులైనను ఇవి పురుగుల జాతివి కావు. రొయ్యకును, పీతకును చుట్టములు. నీటిలోని పచ్చని నాచుకణములను వడకట్టి తినును. వీనిని చేపపిల్లలు తినును. మన చెరువులలో పెంచు బొచ్చె చేపకు పెద్దదైన పిమ్మటను ఇవియే ఇష్టమైన మేత. కావున ఈ జీవులు లేని చెరువు, నీరు నిండియున్నను వెలితిగల చెరువే.

ఈ ప్రాణి శరీరము అద్దమువలె పారదర్శకము. సూక్ష్మదర్శినిక్రింద ఉంచినచో కొట్టుకొను గుండె, ప్రేవులోని పచ్చని మేత, వీపువైపుననున్న సంచిలో గ్రుడ్లు, వాని నుండి రూపొందు పిల్లలు, సర్వము కోయకయే కనబడును. 17వ శతాబ్దిలోనే యాన్ స్వామర్‌డాం అను డచ్చి శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి వర్ణించెను.

దీని సంతానక్రమము మరియు వింతయైనది. కాలము అనుకూలముగా నున్నంతవరకు ఆడుజీవి మగదాని అవసరము లేకయే పిల్లలను కనును. ఆ పిల్లలన్నియు ఆడువి. తల్లికి అచ్చముగా ప్రతిరూపములు. మేత తగ్గినను, గుంపు పెరిగినను, కాలము మారినను మగపిల్లలు పుట్టును. అప్పుడు తయారగు గ్రుడ్లు గట్టి పెంకులో భద్రమై చెరువు అడుగున బురదలో నిలిచియుండును. వేసవిలో చెరువు ఎండి నెఱ్ఱెలు విచ్చినను అవి చావవు. మన నెల్లూరు సీమలో ఈశాన్య ఋతుపవనము వచ్చి చెరువు నిండగనే కొన్ని పొదుగును. రైతు విత్తనపు గింజలను గాదెలో దాచినట్లే చెరువు తన విత్తనమును బురదలో దాచుకొనును.

తల్లులన్నియు ఒక్క అచ్చున పోసినట్లుండుట పరీక్షకు గొప్ప సదుపాయము. రెండు పాత్రలలోని జీవులు రెండు విధములుగా ప్రవర్తించినచో, దోషము జీవిలో లేదు, నీటిలోనే ఉన్నదని చెప్పవచ్చును. 1930 దశకమున స్వీడన్‌లో నౌమన్ అను శాస్త్రజ్ఞుడును, 1944 ప్రాంతమున అమెరికాలో ఆండర్సన్ అను శాస్త్రజ్ఞుడును డాఫ్నియా మాగ్నా అను పెద్దజాతిని విషపరీక్షలకు ఉపయోగించిరి. నేడు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ నిర్ణయించిన పద్ధతులు అనేక దేశములలో అమలులో ఉన్నవి. వానిలో 202వ సంఖ్యగలది స్వల్పకాల పరీక్ష. 211వ సంఖ్యగలది దీర్ఘకాల పరీక్ష.

స్వల్పకాల పరీక్ష 48 గంటలది. పుట్టి ఒక దినము మించని పిల్లలను ఒక్కొక్క మోతాదునకు ఇరువదింటి చొప్పున విడుతురు. పాత్రను మెల్లగా కదలించిన పిదప 15 సెకన్లలోపల ఈదలేని వానిని చలనము కోల్పోయినవిగా లెక్కింతురు. సగము జీవులను కదలకుండ చేయు మోతాదు ఇంత అని తేల్చుదురు. ఇది రైతు అడిగిన ప్రశ్నవంటిదే.

దీర్ఘకాల పరీక్ష 21 దినములు సాగును. ఇందులో ఒక్కొక్క పాత్రలో ఒక్కటియే జీవి. ఒక్కొక్క మోతాదునకు పది పాత్రలు. సాధారణముగా ఐదు మోతాదులు; వానికి తోడు మందు కలుపని మంచినీటి పాత్రలు వేరుగ నుండును. పాత్రలో నీరు 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసెడు. నీటి వేడిమి 18 మొదలు 22 డిగ్రీలమధ్య నిలకడగా ఉండవలెను. పదునారు గంటలు వెలుతురు, ఎనిమిది గంటలు చీకటి. ప్రతిదినమును కొలిచిన నాచుమేత. మందు కరగి విరిగిపోవునది కనుక వారమునకు మూడుసార్లయినను నీరు మార్చి, మరల అంతే మోతాదు కలుపవలెను. పిల్లలు పుట్టినచో ప్రతిదినము ఏరి లెక్కపెట్టి వేరుచేయవలెను. మూడు వారములు సెలవు దినమనునది లేని పని.

ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయ మొకటి కలదు. అది పరీక్షించువానిని కూడ పరీక్షించును. మంచినీటి పాత్రలలోని తల్లులు నూటికి ఇరువదికి మించి చనిపోయినను, బ్రతికిన తల్లి ఒక్కొక్కటి సగటున అరువది పిల్లలనైనను కనకపోయినను, ఆ పరీక్ష చెల్లదు. విషము లేనిచోటనే జీవిని సరిగా పెంచలేనివాడు విషమును గూర్చి తీర్పు చెప్పుటకు తగడని దాని భావము.

ఇక లెక్క చూతము. ఇది బోధపడుటకు కల్పించిన ఉదాహరణము మాత్రమే. మంచినీటిలో ఒక్కొక్క తల్లి 21 దినములలో తొంబది పిల్లలను కన్నదనుకొందము. స్వల్పమైన మందు కలిసిన నీటిలో పదింటికి పది తల్లులు బ్రతికియే యున్నవి. కాని ఒక్కొక్కటి అరువది పిల్లలనే కన్నది. చావుల పట్టికలో సున్న. సంతానపు పట్టికలో మూడవవంతు నష్టము. తరువాతి తరమునకును ఇదే నష్టము కలిగినచో, మంచినీటి సంతతి తొమ్మిది భాగములైన చోట ఇది నాలుగు భాగములే. మూడవ తరమునకు ఇరువదియేడింట ఎనిమిది. అనగా మూడవవంతు కంటెను తక్కువ. చెరువులో మేత కొరత, చేపల వేట మొదలగు ఇతర కారణములుండును గావున లెక్క ఇంత సూటిగా నడువదు. అయినను ఒక్క శవమైనను కనబడకుండగనే ఒక జాతి క్షీణింపవచ్చునని తెలిసికొనుటకు ఈ లెక్క చాలును.

తల్లి చావకుండ సంతానమేల తగ్గును? కారణములు పెక్కులు. మేతనుండి వచ్చిన శక్తిని జీవి విషమును విరుచుకొనుటకు వెచ్చించినచో, గ్రుడ్లకు మిగులునది స్వల్పము. మరియు ఈ జీవి పెరుగవలెనన్నను, క్రొత్త గ్రుడ్లు సంచిలో దించుకొనవలెనన్నను పైపొర విడువవలెను. డైఫ్లూబెంజురాన్ వంటి మందులు పురుగు క్రొత్త పొర కట్టకుండ చేయుటకై తయారైనవి. పైరుమీది పురుగును, నీటిలోని డాఫ్నియాను, గుంటలోని రొయ్యను వేరుచేసి చూచు కన్ను ఆ మందునకు లేదు.

ఇట్టి పరిశోధన మన సీమకు క్రొత్త కాదు. బోగోలుకు దక్షిణమున, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞులు 1980 దశకమున వరిపొలముల పీతపై సుమిథియాన్ అను పురుగుమందు ప్రభావమును పరిశీలించిరి. చంపజాలని మోతాదులలో కొన్నాళ్లు ఉంచి, పీత శరీరములోని మార్పులను కొలిచిరి. నాడులకు సంబంధించిన ఒక ముఖ్యమైన ఎంజైము మందువలన మందగించుటయు, మంచినీటిలో విడిచిన పిదప అది మరల కోలుకొను తీరును వారు గమనించిరి. పీత బ్రతికియున్నది, కాని ఆరోగ్యముగా లేదు.

తెలంగాణమున పటాన్‌చెరువు కథ మరియు గంభీరమైనది. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు అక్కడి ఉమ్మడి కేంద్రమునుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని 2007లో ప్రకటించిరి. 2009లో ప్రచురించిన మరియొక పరిశోధనలో అదే మురుగును కప్పపిల్లలపై ప్రయోగించిరి. వెయ్యిపాళ్ల నీటిలో ఆ మురుగు రెండుపాళ్లే ఉన్నను తోకకప్పల ఎదుగుదల నూటికి నలుబది తగ్గినది. చావును మాత్రమే లెక్కించి ఊరకుండినచో ఈ సంగతి బయటపడి యుండెడిది కాదు.

ఇప్పుడు బోగోలుకు మరలి వత్తము. సంగమువద్ద పెన్నానదినుండి బయలుదేరు కావలి కాలువ ఈ ప్రాంతపు మాగాణికి ఆధారము. తూర్పున సముద్రము, జువ్వలదిన్నె రేవు. తీరము పొడవున రొయ్యల గుంటలు. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి ఈ కోస్తాలో ఎన్ని కుటుంబములు నష్టపోయినవో పెద్దలకు జ్ఞాపకమే. 2009 తరువాత వెనామి రొయ్య వచ్చినది. సాగు మరల పుంజుకొన్నది. ఎగువన పైరుకు పురుగుపట్టకుండ ఒకరు మందు కొట్టుదురు. దిగువన పురుగునకు దూరపు చుట్టమైన రొయ్యను మరియొకరు అప్పుతెచ్చి పెంచుదురు. ఇద్దరు ఇరుగుపొరుగువారే, ఒక్కొక్కచోట ఇద్దరు ఒక్కరే. ఇద్దరినడుమ పారునది ఒకే నీరు.

ఇచట ఒక జాగ్రత్త చెప్పవలెను. డాఫ్నియా మంచినీటి జీవి; ఉప్పునీటి గుంటను గూర్చి అది సాక్ష్యమీయజాలదు. డాఫ్నియా మాగ్నా చల్లని సీమల జాతి. 20 డిగ్రీలలో చేసిన పరీక్ష, మన చెరువుల వేడిమిలో జరుగు దానికి అచ్చముగా సరిపోదు. నీటి కాఠిన్యము తగ్గిన కొలది రాగి వంటి లోహముల విషము హెచ్చును. అందుచేత మన నీటిలో పుట్టి పెరుగు మొయినా వంటి జాతులతో, మన నీటిలోనే పరీక్షలు విరివిగా జరుగుట యుక్తము. ఈ అనిశ్చయమునకై ఐరోపావారు ఒక నియమము పెట్టుకొనిరి. స్వల్పకాల పరీక్షలు మాత్రమే ఉన్నచో వాని ఫలితమును వెయ్యిచే భాగించి, ఆ అంశమునే క్షేమమని ఎంతురు. నాచు, డాఫ్నియా, చేప మూడింటిపైనను దీర్ఘకాల పరీక్షలు పూర్తియైనచో పదిచే భాగించిన చాలును. తెలిసినది తక్కువయైన కొలది జాగ్రత్త ఎక్కువ కావలెననుట మన ఇళ్లలోని వృద్ధులకు క్రొత్త మాట కాదు.

గృహస్థులు చేయదగిన పనులును కలవు. మందు కొట్టిన పంపును, ఖాళీ డబ్బాలను చెరువులోను కాలువలోను కడుగరాదు. మందు కొట్టినవెంటనే కయ్య మడవ తెరువక, డబ్బాపై వ్రాసిన గడువును పాటించి, నీటిని పొలములోనే నిలుపవలెను. పురుగు నష్టపరచు స్థాయికి వచ్చినదో లేదో చూచిన పిదపనే పంపు భుజమునకెత్తవలెను. మందుమీద మందు కలిపి కొట్టుట మానవలెను. ఊరి పాఠశాలలో ఒక భూతద్దమున్నచో, నెలకొకసారి చెరువునీటిని పిల్లలచే చూపించి, కనబడిన జీవులను వ్రాయింపవలెను. ఒక నెల అవి కనబడనంత మాత్రమున విషమని తీర్మానింపరాదు. చేపలు తినియుండవచ్చును, కాలము మారియుండవచ్చును. కాని ఏండ్లతరబడి వ్రాసిన నోటుపుస్తకము ఒకనాటికి ఊరికి అక్కరకు వచ్చును. ఇక ప్రభుత్వమును కోరదగినది ఒక్కటి: నాలుగు దినముల చేప పరీక్షతో తృప్తిపడక, సంతానమును లెక్కించు దీర్ఘకాల పరీక్షను కూడ దానిసరసన చేర్చుట.

ఆనాడు చెరువుకట్టమీద ఆ పెద్దరైతుకు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. నేడు చెప్పగలను. చేప తేలకపోవుట సంతోషమే. అయితే ఆ నీటిలో తల్లులు బ్రతికియున్నవా అని మాత్రమే కాక, పిల్లలు పుట్టుచున్నవా అనియు అడుగవలెను. తన పాడిపశువును గూర్చి ఆయన ప్రతియేడును అడుగు ప్రశ్నయే అది. చెరువును గూర్చి కూడ అడిగిన చాలును.