ఒక సంగతికి ఎన్ని విచారణలు?



1949 నవంబరు 6న మక్బూల్ హుస్సేన్ అనే ప్రయాణికుడు జెడ్డా నుంచి వచ్చి బొంబాయి శాంతాక్రజ్‌లో విమానం దిగాడు. అతని దగ్గర 107.2 తులాల బంగారం దొరికింది. కస్టమ్స్‌వారు దాన్ని జప్తు చేసి, కావాలంటే 12,000 రూపాయలు కట్టి విడిపించుకోమన్నారు. కొన్ని నెలలకు అదే బంగారం విషయమై విదేశీ మారకద్రవ్య చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో కేసు పెట్టారు. ఒకే నేరానికి ఒకరిని రెండుసార్లు విచారించి శిక్షించరాదనే రాజ్యాంగంలోని 20(2) అధికరణం తనను కాపాడుతుందని అతని వాదన. కస్టమ్స్ అధికారి న్యాయస్థానం కాడు, కాబట్టి మొదట జరిగింది ప్రాసిక్యూషనే కాదని 1953లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్కంలో తప్పు పట్టలేం. అయినా, బంగారం పోగొట్టుకుని మళ్లీ బోనెక్కినవాడికి ఆ తేడా ఏపాటిదని అడగాలనిపిస్తుంది.

20(2) ఇరుకైనది. అది వర్తించాలంటే మొదటి కేసులో విచారణా జరగాలి, శిక్షా పడాలి. పాత సీఆర్‌పీసీ 300, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 337 అంతకంటే విశాలం. నిర్దోషిగా బయటపడ్డవాడినీ అవి కాపాడతాయి. అవే వాస్తవాల మీద ముందే మోపగలిగిన వేరే అభియోగాన్నీ అడ్డుకుంటాయి. కేవలం డిశ్చార్జి అయినవాడికి మాత్రం ఆ రక్షణ లేదు.

మన జిల్లా కోర్టుల్లో ఒకే సంగతిపై రెండు కేసులనే ఈ చిక్కు ఎక్కువగా చెక్కు కేసుల్లో ఎదురవుతుంది. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద ఒక కేసు, ఆ వెనకే మోసమంటూ పాత ఐపీసీ 420 కింద మరొకటి. అదే చెక్కు, అదే సంతకం, బ్యాంకు ఇచ్చిన అదే మెమో. ఊరి నుంచి వచ్చే సాక్షి కూడా ఒకడే. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక అప్పీలులో, వాస్తవాలు ఒకటే కనుక రెండో కేసు కుదరదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మోసానికి దగా ఉద్దేశం రుజువు కావాలి, 138కి అక్కర్లేదు, కాబట్టి నేరాలు వేరని 2012లో మరో బెంచి అంది. 2022లో ఈ ప్రశ్న విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. నేను 2011 తీర్పు పక్షాన ఉన్నాను. సెక్షన్ పేరు మారినంత మాత్రాన జరిగిన సంగతి రెండు కాదు.

తీర్పు రాకముందే నలిగిపోయేవాళ్ల మాటేమిటి? ఒకే ఘటనపై రెండో ఎఫ్ఐఆర్ చెల్లదని 2001లో టి.టి. ఆంటొనీ కేసులో కోర్టు స్పష్టం చేసింది. కక్షతో పెట్టిన కేసులను కొట్టేయవచ్చని 1990లో భజన్‌లాల్ తీర్పు దారి చూపింది. కానీ ఆ దారి హైకోర్టు దాకా పోవాలి. ఇచ్ఛాపురం కూలీ క్వాష్ పిటిషన్ కోసం అమరావతికి ఎన్నిసార్లు రాగలడు? వాయిదా తప్పితే వారంటు, వెళ్తే ఆ రోజు కూలి గోవిందా.

కాబట్టి యువ న్యాయవాద మిత్రులకు నా విన్నపం ఒకటే. మొదటి కేసు తీర్పు నకలు చేతికి రాగానే రెండో కేసులో 337 అభ్యంతరం దాఖలు చేయండి. సాక్షుల విచారణ మొదలుకాకముందే దానిపై ఉత్తర్వు ఇమ్మని మేజిస్ట్రేటును పట్టుబట్టి అడగండి.