ఊరి కట్టు, వెలి, ఓర్పుకు హద్దు

ఓర్పు, క్షమ, సహనం అనే మూడు మాటలను తెలుగువారు ఇంచుమించు ఒకే అర్థంలో వాడుతున్నప్పటికీ, వాటి మధ్యనున్న తేడాను విడదీసి చూడకపోతే సహనానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న ముందుకు సాగదు. ఓర్పు అంటే బాధను భరించడం. అది గత్యంతరం లేనివాడికి కూడా ఉంటుంది. క్షమ అంటే శిక్షించగల శక్తి ఉండి శిక్షించకపోవడం. రాజనీతిలో వాడే అర్థంలో సహనమంటే తనకు నచ్చని నమ్మకాన్నో నడవడినో అడ్డుకోగలిగి కూడా దానికి చోటివ్వడం. అంటే తరువాతి రెండింటికీ శక్తి ఉండి తీరాలి, మొదటిదానికి అక్కరలేదు. పాతకాలపు సద్గుణాలు అడుగంటిపోయాయని వాపోయేవారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, దెబ్బ తిన్నవాడికీ కొట్టినవాడికీ కలిపి ఓర్పును బోధిస్తుంటారు.

సంప్రదాయం ఈ విషయంలో అంత అమాయకంగా లేదు. మహాభారతం అరణ్యపర్వంలో, అంటే తెలుగులో నన్నయ రచించిన భాగంలోనే, ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ ప్రహ్లాదుడు తన మనుమడు బలికి చేసిన ఉపదేశాన్ని గుర్తుచేస్తుంది. ఎల్లప్పుడూ క్షమ మేలు కాదనీ, ఎల్లప్పుడూ తేజస్సు, అనగా ప్రతాపం చూపే గుణం, కూడా మేలు కాదనీ, దేనికి ఏది వేళో తెలియాలనీ దాని సారాంశం. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనాలలో పన్నెండవది పరమతాలను గౌరవించమంటుంది. పదమూడవది క్షమించదగినంతవరకే క్షమ అని అటవీ జనాన్ని హెచ్చరిస్తుంది. హద్దు చెప్పని క్షమను పెద్దలు బోధించారనడం వారికి చేసే అన్యాయమే.

ఈ విచారణకు నిజామాబాద్ జిల్లాలోని మోర్తాడ్ పరిసరాలు తగిన క్షేత్రం. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, భీమ్‌గల్‌తో కలిసిన ఈ ప్రాంతం పసుపుకు, ఎర్రజొన్న విత్తనానికి, గల్ఫ్ వలసకు పేరుపడ్డది. ఇక్కడి చాలా గ్రామాల్లో ఎన్నికైన పంచాయతీకి పక్కనే గ్రామాభివృద్ధి కమిటీ, జనం నోట వీడీసీ, ఉంటుంది. చట్టంలో దానికి స్థానం లేదు. కులానికి కొందరి చొప్పున ఊరు కూర్చుని ఎంచుకునే సంఘమది. గుడికి, బడికి, బోరుకు, దారికి చందాలు పోగుచేసిన చరిత్ర దానికుంది. కాబట్టి దాన్ని కేవలం దౌర్జన్యంగా కొట్టివేయడం సరికాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడగా, నిజామాబాద్ స్థానంలో మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఊళ్లకు ఊళ్లు ఒక్క మాట మీద నిలవడమంటే ఏమిటో దేశం ఆ ఎన్నికలో చూసింది.

అదే ఒక్క మాట లోపలివైపు తిరిగినప్పుడు కథ మారుతుంది. కమిటీ అడిగిన మొత్తం ఇచ్చుకోలేమన్న గీత కార్మికులు, భూమి దగ్గరో దారి దగ్గరో ఎదురు చెప్పిన దళితులు, రజకులు బహిష్కరణకు గురైన వార్తలు ఈ జిల్లాలో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. బహిష్కరణకు కత్తీ కర్రా అక్కరలేదు. ఫలానా ఇంటివారితో మాట్లాడరాదని, కిరాణా దుకాణంలో సరుకు ఇవ్వరాదని, కూలికి పిలవరాదని, ఆటో ఎక్కించుకోరాదని డప్పు చాటింపు వేస్తారు. మాట తప్పిన వారికి జుర్మానా. గమనించవలసింది ఆ చివరి మాట. జుర్మానా వెలివేయబడ్డవాడికి కాదు, వానిని పలకరించిన పొరుగువాడికి. కనుక బహిష్కరణ నడిచేది కమిటీ బలంతో కన్నా, నిన్నటిదాకా చేబదులు ఇచ్చిపుచ్చుకున్నవారి మౌనంతో.

ఏ గుణం క్షీణించిందో ఇక్కడ తేటపడుతుంది. కట్టుబాటు అనే మాటకు మొదటి అర్థం తనను తాను కట్టుకోవడం: ఇచ్చిన మాటకు, పెట్టిన చేతికి, కలిసిన ముఖానికి కట్టుబడడం. బెల్టు షాపును, అనగా లైసెన్సు లేకుండా మద్యం అమ్మే దుకాణాన్ని, ఊరి పేరిట వేలం పాడుకునే చోట ఆ మాట ఇతరులను కట్టే తాడుగా మిగిలింది. వేలం సొమ్ముతో గుడి కట్టినా, ఈ మార్పును ఆ గుడి కప్పిపుచ్చలేదు. వెలివేయబడ్డవారికి ఓర్పు కొరవడలేదు, నిజానికి అది వారికి అవసరానికి మించి ఉన్నది. కొరవడినది పొరుగువాడి తెగువ.

తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1945లో ప్రచురించిన గ్రంథంలో, అసహనాన్ని హద్దు లేకుండా సహిస్తే సహనమే నశిస్తుందని వాదించాడు. అయితే ఆయన వాదాన్ని ఉదహరించేవారు తరచుగా విస్మరించే షరతు ఒకటుంది: అసహనపరుడు వాదానికి నిలబడినంతకాలం వాదంతోనే ఎదుర్కోవాలని, తన వారిని ఎదుటివాని మాట వినవద్దని శాసించినప్పుడే బలప్రయోగం గురించి ఆలోచించాలని ఆయన అన్నాడు. మాట్లాడరాదన్న చాటింపు ఆ హద్దును అక్షరాలా దాటుతుంది. ఆ స్థితిలో అధికారులు ఇది ఊరి సొంత వ్యవహారమని, ఉభయులూ సర్దుకోవాలని చెప్పి వెళ్లిపోతే, అది సహనం అనిపించుకోదు. శక్తి ఉన్నవాడు శక్తిని దాచుకోవడం మాత్రమే.

చట్టం ఈ హద్దును కొంత గీసింది, కొంత గీయలేదు. బొంబాయి రాష్ట్రం 1949లో వెలిని నిషేధిస్తే, దావూదీ బోహ్రా ముస్లింల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1962లో ఆ చట్టాన్ని మతస్వేచ్ఛ పేరుతో కొట్టివేసింది. ఆ తీర్పు పునఃపరిశీలన 2023లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి చేరింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమలులోకి వచ్చి, సాంఘిక, ఆర్థిక బహిష్కరణలను నేరాలుగా పేర్కొన్నది. మహారాష్ట్ర 2016లో కులంతో నిమిత్తం లేకుండా వర్తించే చట్టం చేసి, మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టి, 2017 జూలైలో అమలుకు తెచ్చింది. తెలంగాణలో అటువంటిది లేదు. అందువల్ల ఒకే డప్పుతో, ఒకే రోజున, ఒకే దుకాణం ముందు వెలివేయబడిన రెండు ఇళ్లలో దళితుల ఇంటికి ఒక ప్రత్యేక సెక్షన్ దొరుకుతుంది. వెనుకబడిన కులాల లెక్కలో ఉన్న గీత కార్మికుడి ఇంటికి బెదిరింపు, బలవంతపు వసూలు వంటి సాధారణ నేరాల సెక్షన్లే దిక్కు. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన మీదుగా అవతలి మహారాష్ట్ర ఒడ్డుకు చేరితే, బిలోలి, ధర్మాబాద్ వైపున కాపురముంటున్న తెలుగు గీత కార్మికుడిని ఊరు వెలివేస్తే, అతను ఏ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వాలో వెతుక్కోనక్కరలేదు.