వాళ్ల సంతకం, మన అక్షరం

(ఆత్మకూరులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాష్ట్రం కోసం పెట్టుకున్న సభలో నల్లజాతి ప్రజల చరిత్ర చెబుతామంటే కొందరికి నవ్వు రావచ్చు. ఎక్కడి అమెరికా, ఎక్కడి ఆత్మకూరు అనిపించవచ్చు. కానీ ఈ దేశంలో అణగారినవాళ్లు వాళ్లవైపు చూడటం కొత్తేమీ కాదు. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు స్వయంగా ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరునే తెచ్చి తమ సంఘానికి పెట్టుకున్నారు. వాళ్లు వెతికింది ఒక్కటే. తొక్కినవాడి దయ లేకుండా తొక్కబడినవాడు ఎట్లా లేచి నిలబడ్డాడు? మేమూ అదే వెతుకుతున్నాం. వెతుక్కుంటూ పోతే మన ఉదయగిరి తాలూకాలోనే తేలాం.

ఉదయగిరి అంటే చరిత్ర పుస్తకాల్లో కోట. గజపతుల చేతిలోని ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇద్దరు రాజుల కొట్లాట కాబట్టి పాఠమైంది, పరీక్షలో ప్రశ్నయింది. ఆ కొండకింద మెట్ట దున్నుకుని బతికినవాళ్లకు రాజు మారినందువల్ల ఏం మారిందో ఏ పుస్తకమూ చెప్పదు. అదే ఉదయగిరి ప్రాంతంలో, కలిగిరి మండలం దూబగుంటలో, ఇంకో యుద్ధం జరిగింది. దాన్ని చేసింది కూలికి పోయే ఆడవాళ్లు. అప్పటికి మా తరం ఇంకా పలక పట్టలేదు. అందుకే పెద్దలను అడిగి, చదివి తెలుసుకున్నాం.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా కలుపు తీసి వచ్చినవాళ్లు పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడుతో కొంప కూలిన ఆడమనిషి కథ. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. అనుకుని ఊరుకుంటే అది చదువు మాత్రమే అయ్యేది. వాళ్లు లేచి ఊళ్లోకి సారా రానివ్వం అన్నారు, దుకాణం మూయించారు. ఆ పోరాటానికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారిని లోకం దూబగుంట రోశమ్మ అనే పిలుచుకుంది. 2016లో ఆమె కన్నుమూశారు. అక్కడ రాజుకున్నది జిల్లా అంతా పాకింది. చీపుర్లు, కారప్పొడి ఆయుధాలయ్యాయి. 1992లో సారా వేలం పాటలు ఆడవాళ్ల అడ్డగింతతో వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. పార్టీలు, జెండాలు, స్టేజీలు తర్వాత వచ్చాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. పలక ఇచ్చిందీ ప్రభుత్వమే, వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా చేర్చిందీ ప్రభుత్వమే. ఒక చేత్తో పెట్టిన అక్షరం తన రెండో చేతినే పట్టుకుంటుందని పాలకులు కలలో కూడా అనుకుని ఉండరు.

ఇప్పుడు అమెరికా పోదాం. దక్షిణ కరోలినా రాష్ట్రంలో చార్ల్‌స్టన్ పట్నానికి దగ్గర్లో జాన్స్ ఐలాండ్ అని ఒక దీవి. నల్లవాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపించాలి. బడి లేకుండా చేసినవాళ్లే చదివితేనే ఓటు అన్నారు. ఆ దీవి జనాన్ని పట్నంలో పనులకు చేరవేసే బస్సు నడిపిన ఈసా జెంకిన్స్ అనే ఆయన, ఆ బస్సులోనే ప్రయాణికులకు రాజ్యాంగం చదవడం నేర్పడం మొదలుపెట్టాడు. అది చాలలేదు. 1957 జనవరిలో అక్కడ పెద్దలకు రాత్రి బడి తెరిచారు. ముందు గదిలో సహకార దుకాణం, వెనక గదిలో బడి. తెల్లవాళ్లకు అనుమానం రాకూడదని ఆ ఏర్పాటు. పాఠం చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ టీచరు కాదు, బ్యూటీ పార్లర్ నడుపుకునే మనిషి. కావాలనే అట్లాంటి మనిషిని ఎంచుకున్నారు. పంతులమ్మ అయితే పెద్దవాళ్లను పిల్లల్లా చూస్తుందని వాళ్ల భయం. ఆమె మొదటిరోజే, మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. పేరు రాయాలి, బైబిలు చదువుకోవాలి, మనియార్డరు ఫారం నింపాలి అన్నారు. అక్కడినుంచి మొదలుపెట్టి ఓటు దాకా నడిచారు. అట్లాంటి బడులు తర్వాత దక్షిణాది రాష్ట్రాలంతా పెరిగాయి. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆ పనిని తన చేతికి తీసుకుంది.

ఆ బడుల వెనక ఉన్న సెప్టిమా క్లార్క్ గురించి ఉద్యోగ మిత్రులు ప్రత్యేకంగా వినాలి. ఆమె నలభై ఏళ్లు పనిచేసిన టీచరు. ప్రభుత్వ ఉద్యోగులు నల్లవాళ్ల హక్కుల సంఘంలో ఉండకూడదని 1956లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. సభ్యత్వం దాచుకుంటే సరిపోయేది. ఆమె దాచలేదు. ఉద్యోగం పోయింది, పింఛనూ పోయింది. ఆ పింఛను మళ్లీ దక్కడానికి 1976 దాకా పట్టింది. రాష్ట్రం వస్తే మనకేం ప్రమోషన్లు వస్తాయని లెక్కలు వేసుకునే మిత్రులు ఆమె పోగొట్టుకున్న ఇరవై ఏళ్లనూ ఒకసారి లెక్కేసుకోవాలి.

దీవికీ దూబగుంటకూ పోలిక పూర్తిగా అతకదు. అక్కడి బడి ప్రభుత్వానికి కనబడకుండా నడిచింది, ఇక్కడి బడిని ప్రభుత్వమే పెట్టింది. అక్కడ రంగు, ఇక్కడ కులమూ పేదరికమూ మగ పెత్తనమూ కలగలిసి ఉన్నాయి. అయినా రెండుచోట్లా అక్షరం వచ్చిన రోజునే జనం తమ బతుకు లెక్క తామే చూసుకున్నారు.

గెలిచాక ఏమైంది? అసలు పాఠం అక్కడుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా మొదటి సంతకం మద్యనిషేధం మీద పెట్టారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. ఆడవాళ్లు హారతులు పట్టారు. 1997లో అదే పార్టీ ప్రభుత్వం, ఇంకో ముఖ్యమంత్రి, ఇంకో సంతకం. నిషేధం పోయింది. అమెరికాలోనూ అంతే. ప్రాణాలు పోసి 1965లో తెచ్చుకున్న ఓటు హక్కు చట్టానికి 2013లో సుప్రీంకోర్టు తీర్పు కోరలు పీకేసింది.

అయితే సంతకంతో పోనిది కూడా ఒకటుంది. సారా ఉద్యమంలో కలిసిన ఆడవాళ్లే నెల్లూరు జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపు లక్ష్మి సంఘాలు కట్టారు. మొగుడు సారాకు తగలేసే డబ్బులో ఒక్క రూపాయి పక్కన పెట్టడం అన్నమాట. ఈ పని అమెరికాలో తొంభై ఏళ్ల ముందే జరిగింది. 1903లో రిచ్‌మండ్ నగరంలో మ్యాగీ వాకర్ అనే నల్లజాతి మహిళ, పైసాపైసా దాచుకునే చాకలివాళ్లనూ పనిమనుషులనూ నమ్ముకుని పెన్నీ సేవింగ్స్ బ్యాంకు పెట్టింది. ఆమెకు ఆ మొండితనం ఊరికే రాలేదు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లకోసమని 1865లో అక్కడి పార్లమెంటు ఒక బ్యాంకు పెట్టించింది. పెత్తనం తెల్ల ధర్మకర్తలది, డబ్బు నల్లవాళ్లది. అడ్డగోలు అప్పులిచ్చి 1874లో మూతేశారు. అరవై వేలమందికి పైగా డిపాజిట్‌దార్లు మునిగారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఏం చేశాయో గుర్తుందిగా? సంఘాలు కట్టుకుని ఐకమత్యం నేర్చుకున్న ఆడవాళ్లకు ఆ ఐకమత్యాన్నే ఉరితాడు చేసి వారంవారం వసూళ్లకు దిగాయి. ఆత్మహత్యల దాకా పోయాక ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పొదుపు మనదైతే సరిపోదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడాలి.

ఇక మన రాష్ట్రం సంగతి. నెల్లూరుకు సీమ ఉద్యమంతో పనేంటి అని అడిగేవాళ్లున్నారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చదవమనండి. కోస్తా జిల్లాలతో సమానంగా అభివృద్ధి చెందేదాకా తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల పథకాల్లో రాయలసీమకూ నెల్లూరుకూ ముందు వాటా అని అందులో ఉంది. రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. పెద్దమనుషులు సంతకాలు చేశారు, పెట్టెలో పెట్టారు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే హైదరాబాదు పోయింది.

నీళ్లు చూద్దాం. ఈ ఆత్మకూరు పక్కనే సోమశిల, 78 టీఎంసీల జలాశయం. ఆ నీళ్లు పెన్నా డెల్టాకు పోతాయి, కండలేరు మీదుగా మద్రాసుకూ పోతాయి. పక్కనే ఉన్న ఉదయగిరి మెట్ట మాత్రం హైలెవల్ కాలువ పేరు వింటూ కూర్చుంది. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 4.47 లక్షల ఎకరాల ఆయకట్టులో నెల్లూరు జిల్లా వాటా 84 వేల ఎకరాలన్నారు. ఆ ఏడాది పుట్టిన బిడ్డ డిగ్రీ పూర్తిచేసి బెంగుళూరులో కూలికో కువైట్‌కో పోయే వయసు దాటింది.

జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు గారి సంగతి కూడా ఒక మాట. 58 రోజుల నిరశనతో 1952లో ప్రాణమిచ్చారని ప్రతి పిల్లాడికీ తెలుసు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన చేసిన నిరశన ఎంతమందికి తెలుసు? రాష్ట్రం కోసం చేసిన దీక్షకు విగ్రహాలు లేచాయి. రెండోది మరుగున పడింది. మన ఉద్యమం ఈ రెండో దీక్షను మరిచిపోతే మాదిగవాడకూ యానాదులకూ ఈ సభల్లో కుర్చీ ఉండదు. వాళ్లు లేని సీమ రాష్ట్రం కొత్త కాంట్రాక్టర్ల రాష్ట్రమవుతుంది.

తెలంగాణ మిత్రులు 2014లో రాష్ట్రం తెచ్చుకున్నారు. ఢిల్లీలో పెట్టిన సంతకాన్నే మనం చూస్తాం. దానికి ముందు ఏళ్ల తరబడి 610 జీవో అంటే ఏమిటో ఆఫీసు అటెండరుకూ తెలిసేలా చెప్పారు. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క జయశంకర్ సార్ నోటి నుంచి పల్లె రచ్చబండ దాకా చేరింది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె ఆ చదువు మీద నిలబడింది.

మన దగ్గర శ్రీబాగ్ పేరు స్టేజీ మీద వినబడుతుంది గానీ, దాని పూర్తి పాఠం చదివినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తమని అడగడం లేదు. విద్యార్థి మిత్రులారా, ఈ వేసవి సెలవుల్లో కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం మండలాల్లో రాత్రిపూట కూర్చుందాం. శ్రీబాగ్ పాఠం, వెలిగొండ ఆయకట్టులో ఆ ఊరి పేరున్న కాగితం, ఆ ఊరి బోర్ల లెక్క, ఈ మూడే పట్టుకుపోదాం. ఉపన్యాసాలొద్దు. మొదట వాళ్లకేం తెలుసుకోవాలని ఉందో అడుగుదాం. చదివించే పని పొదుపు సంఘాల అక్కలకే అప్పగిద్దాం. మొదటి రాత్రి దూబగుంటలో మొదలుపెడదామని మా ప్రతిపాదన. వచ్చేవాళ్లు సభ అయ్యాక పేర్లు రాయించండి.