పొగాకు బోర్డు లెక్కలు – పార్లమెంటు బాధ్యత

(పొగాకు రైతుల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వేలం కేంద్రంలో బేలు కాటా మీద పెట్టగానే మన కళ్లన్నీ తూకం అంకె మీదే ఉంటాయి. అరకిలో తేడా వచ్చినా ఊరుకోం. అదే కేంద్రాన్ని నడిపే బోర్డు ఏటా ఎంత వసూలు చేస్తోంది, దేనికి ఖర్చు పెడుతోంది అని అడిగేవాళ్లం మాత్రం చాలా తక్కువ. ఆ లెక్క చూసే బాధ్యతను చట్టం పార్లమెంటు మీద పెట్టింది. పార్లమెంటు చేత ఆ పని చేయించుకోవడం ఎలాగో ఈ రోజు మాట్లాడుకుందాం.

పొగాకు బోర్డు 1975 నాటి చట్టం కింద ఏర్పడింది. గుంటూరు కేంద్రంగా 1976 నుంచి పనిచేస్తోంది. ఎవరు వర్జీనియా పొగాకు వేయాలి, ఎంత పండించాలి, ఎక్కడ అమ్మాలి అన్నవన్నీ దాని చేతిలో ఉన్నాయి. బ్యారన్ లైసెన్సు దగ్గర నుంచి ఆఖరి బేలు దాకా మన పంట దాని అదుపులోనే నడుస్తుంది.

బోర్డుకు డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కేంద్రం ఇచ్చే గ్రాంటు. రెండోది వేలంలో వసూలు చేసే ఫీజు. సరుకు విలువలో నూటికి రెండు రూపాయలు మించకుండా ఫీజు వేయవచ్చనీ, దాన్ని అమ్మినవారి నుంచీ కొన్నవారి నుంచీ చెరిసగం తీసుకోవాలనీ చట్టం చెబుతోంది. గరిష్ఠ రేటు వేస్తే లక్ష రూపాయల సరుకుకు మన వాటా వెయ్యి రూపాయలు. వ్యాపారి కట్టే వెయ్యి కూడా ఆయన ధర పాడేటప్పుడు లెక్కలో వేసుకునేదే.

గ్రాంటు ఇవ్వాలంటే పార్లమెంటు ఆమోదం కావాలి. అది వాణిజ్య శాఖ పద్దులో వస్తుంది. ఫీజు మాత్రం నేరుగా బోర్డు నిధిలో చేరుతుంది. దాని ఖర్చు మీద సభలో విడిగా ఓటింగు ఉండదు. అందుకే కాగ్ తనిఖీ చేసిన లెక్కలనూ వార్షిక నివేదికనూ ప్రతి ఏటా ఉభయ సభల ముందు పెట్టాలి. ఇలాంటి సంస్థల లెక్కలు ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా, అంటే డిసెంబరు ఆఖరులోగా, సభకు చేరాలన్నది నియమం. ఆలస్యమైతే కారణం చెప్పాలి.

కాగితం మీద ఏర్పాటు బాగుంది. ఆచరణ చూడండి. ఫిబ్రవరి 1న బడ్జెట్ వస్తుంది. విరామంలో స్థాయీ సంఘాలు శాఖల పద్దులు పరిశీలిస్తాయి. వాణిజ్య స్థాయీ సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. అది అధికారులను పిలిచి ప్రశ్నించగలదు. తరువాత సభలో కొన్ని శాఖల మీదే చర్చ జరుగుతుంది. మిగిలినవన్నీ ఆఖరి రోజున గిలటిన్ పేరుతో ఒకే ఊపులో గట్టెక్కుతాయి. 2018లోనూ, 2023లోనూ ఏ శాఖ పద్దు మీదా చర్చ లేకుండానే లోక్‌సభ బడ్జెట్‌ను ఆమోదించింది. అలాంటప్పుడు మన బోర్డు లెక్క అడిగేదెవరు?

బోర్డు మనకు శత్రువు కాదు. వేలం లేని రోజుల్లో వ్యాపారి చెప్పిందే ధర, రాసిందే తూకం. బోర్డు బలహీనపడితే మళ్లీ లాభపడేది కంపెనీలే. బోర్డు గట్టిగా నిలవాలి కాబట్టే లెక్క అడుగుతున్నాం. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను దెబ్బకు నష్టపోయిన రైతులకు 10,000 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇచ్చింది బోర్డులోని రైతు సంక్షేమ నిధి నుంచే. కష్టకాలంలో ఆదుకునే ఆ నిధిలో ఇప్పుడు ఎంత ఉంది? అది ప్రతి రైతుకూ తెలియాలి.

కాబట్టి చేయాల్సినవి నాలుగు.

1. బోర్డు తాజా వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు తెప్పించి ప్రతి వేలం కేంద్రం దగ్గరా చదివి వినిపించాలి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

2. బోర్డులో ముగ్గురు ఎంపీలు సభ్యులుగా ఉండాలని చట్టమే చెప్పింది. ఇద్దరు లోక్‌సభ నుంచి, ఒకరు రాజ్యసభ నుంచి. వారిని కలిసి ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలి. కేంద్రాలవారీగా ఫీజు ఎంత వచ్చింది? జీతాలకెంత, కాటాలకూ షెడ్లకూ ఎంత? ధర పడక వెనక్కి వచ్చిన బేళ్లెన్ని? అదనపు పంట మీద పెనాల్టీ ఎంత వసూలైంది?

3. బడ్జెట్ సమావేశాల విరామం ముగిసేలోగా స్థాయీ సంఘానికి వినతిపత్రం పంపాలి. ఆ సంఘం సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. అయితే ఏ చర్య తీసుకున్నదీ 3 నెలల్లో జవాబు చెప్పాలి. ఆ జవాబు వచ్చాక మళ్లీ అడగాలి.

4. మన ఎంపీ ఏ పార్టీ వారైనా సరే, వాణిజ్య శాఖ పద్దు మీద కోత తీర్మానానికి నోటీసు ఇమ్మని కోరాలి. విధానంతో విభేదిస్తే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని అడగాలి. గిలటిన్ పడితే తీర్మానం చర్చకు రాకపోవచ్చు. నోటీసు ఇచ్చారా లేదా అన్నది మాత్రం మనకు తెలుస్తుంది.

కాటా దగ్గర చూపే పట్టుదలే ఈ లెక్క దగ్గరా చూపుదాం. ఫీజు మనం కడుతున్నాం, ఓటూ మనమే వేస్తున్నాం. వచ్చే సీజను వేలం మొదలయ్యేలోగా ప్రతి కేంద్రం నుంచీ ఒక వినతిపత్రం ఢిల్లీకి చేరాలి. సంతకాల సేకరణ ఈ రోజే, ఈ తరగతి నుంచే మొదలుపెడదాం.