పిల్లల పుస్తకం మీద మన అక్కల పేరు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల గురించి ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను ఏ లెడ్జరులోనూ ఎక్కని ఆస్తి గురించి చెప్తా. అవి మన దగ్గరున్న కథలు.

మన పిల్లలు అమ్మ వెంట తునికాకు కోతకు పోతారు. ఇప్పపువ్వు ఏరుతారు. గోదావరి పొంగితే మేకపిల్లను చంకన పెట్టుకొని మెరకకు పోతారు. బొమ్మల పుస్తకం తెరిస్తే మాత్రం అందులో ఇవేవీ దాదాపుగా కనబడవు. ఎక్కడో పట్నంలో పిల్ల, ఆ పిల్ల పుట్టినరోజు కేకు. పుస్తకమంటే వేరేవాళ్ల గురించి రాసేదని మన పిల్లలు చిన్నప్పుడే అనుకుంటారు. చదువు మీద మనసు తప్పడానికి అదీ ఒక కారణమే.

ఇంకో పక్క కథ చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. అంతటి పెద్దాయన దగ్గర విన్న కథల్లో మన పిల్లల చేతికి పుస్తకంగా అందినవి ఎన్ని? ఆలోచించండి.

"మేమేం రాస్తం, మాకేం వచ్చు" అంటారు. రాసినవాళ్లు ఉన్నారక్కా. గోగు శ్యామల గారు ఇప్పటి వికారాబాద్ జిల్లా పెద్దేముల్ మనిషి, కూలి చేసుకునే మాదిగ ఇంట్లో పుట్టారు. హైదరాబాదులోని అన్వేషి అనే మహిళా పరిశోధన సంస్థ, పాఠాల్లో కనబడని పిల్లల కథలు కావాలని 2008లో బొమ్మలతో పుస్తకాలు తెచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు మూడు భాషల్లో వచ్చాయి. అందులో శ్యామల గారి కథలున్నాయి. ఒక కథలో ఆడపిల్ల పొద్దున్నే చేనుకు నీళ్లు పెట్టడానికి పోతుంది. పెత్తందారు మీదికొస్తే ఎదిరించి నిలబడుతుంది. ఆ పిల్ల మనకు తెలిసిన పిల్లే. మన సంఘంలోనే అలాంటి పిల్లలు పెరిగి అక్కలయ్యారు.

మన కోయ భాష సంగతి కూడా అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టారు. అందులో కోయ ఒకటి. ఆ పుస్తకాలు తెలుగు అక్షరాలతోనే అచ్చయ్యాయి. కాబట్టి కోయలో చెప్పిన కథను తెలుగు చదవను వచ్చిన పిల్ల ఎవరైనా రాసిపెట్టొచ్చు.

ఇక పని ఎట్లా చేయాలో చెప్తా. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం పదహారు పేజీలో, ఇరవై నాలుగు పేజీలో ఉంటుంది. పేజీకి రెండు మూడు వాక్యాలు. మొత్తం కలిపితే మన మీటింగు మినిట్స్ అంత కూడా కాదు. బొమ్మలు మనం గీయాల్సిన పని లేదు, ప్రచురణకర్తలే గీయించుకుంటారు. కథలో ఒక పిల్ల, ఆ పిల్లకు ఒక కష్టం, దాంట్లోంచి ఆ పిల్లే బయటపడే దారి ఉంటే చాలు. చివర నీతి తగిలించొద్దు. అంగన్‌వాడీ పిల్లలకు చదివి వినిపించండి. ఎక్కడ దిక్కులు చూస్తారో అక్కడ కొట్టేయండి. మళ్లీ అడిగారంటే కథ నిలబడ్డట్టే.

పంపడానికి చోట్లున్నాయి. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్లు పిల్లల పుస్తకాలు వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ మొదలుపెట్టారు. అందులో ఉన్న బొమ్మలు తీసుకొని మన భాషలో పుస్తకం తయారు చేయొచ్చు. అది ఉచితం. కానీ అందులో పెట్టిన కథను మన పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. అది తెలిసే పెట్టాలి.

ఇది అసలు మాట, జాగ్రత్తగా వినండి. మా ఊరికి ఒకసారి ఎవరో వచ్చి ముసలమ్మల పాటలు, కథలు ఫోనులో రికార్డు చేసుకుపోయారు. అవి ఎక్కడ పడ్డాయో, కింద ఎవరి పేరుందో ఇప్పటికీ తెలీదు. తాతలనాటి కథ ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిజమే. కానీ దాన్ని మీ మాటల్లో రాస్తే ఆ రాత మీది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రిజిస్టరు చేయించకపోయినా, రాసిన రోజు నుంచే హక్కు మీది. మీరు బతికున్నన్నాళ్లు, ఆ తర్వాత అరవై ఏళ్లు మీ వారసులది.

హక్కు వేరేవాళ్లకు రాసిచ్చేటప్పుడు కాగితం ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఎక్కడి వరకు, ఎంత డబ్బుకు అన్నది చూడండి. ఎన్నేళ్లో రాయకపోతే అయిదేళ్లే అని చట్టం చెప్తుంది. బ్యాంకు కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని మనం నేర్చుకున్నం కదా, ఇదీ అంతే. పుస్తకం వేస్తామని మననే డబ్బులు అడిగితే, ఆ పుస్తకం మన ఖర్చుతో వేసుకున్నట్టు. అది తప్పు కాదు గానీ అప్పు చేసి మాత్రం వద్దు.

డబ్బు ఆశ కూడా పెట్టను. పిల్లల పుస్తకంతో ఇల్లు గడవదు. రెండు మేకలు పెంచితే వచ్చేదే ఎక్కువ కావొచ్చు. పంపిన కథ తిరిగి రావొచ్చు, జవాబుకు నెలలు పట్టొచ్చు. అందుకే పంపే ముందు ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

ఈ సభ ముందు నా ప్రతిపాదన ఇది. ప్రతి గ్రామ సంఘం నెలకొక కథ రాయాలి. చెప్పిన అక్క పేరు, రాసిన పిల్ల పేరు, తేదీ, ఊరు మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. చెప్పిన అక్క ఒప్పుకోనిదే కథ ఊరు దాటొద్దు. అచ్చయితే ఇద్దరి పేర్లూ అట్ట మీద ఉండాలి, వచ్చిన డబ్బు ఇద్దరికీ పోవాలి. చదువు రాని అక్క పేరు కూడా పుస్తకం మీద ఉండొచ్చు, ఎందుకంటే కథ ఆమెది.

దీన్ని తీర్మానం చేయాలని కోరుతున్నా. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. సెలవు.