గాయం మానాలంటే కణం నడవాలి
(సున్నిపెంటలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వయసులో ఉన్నప్పుడు కాలికి ముల్లు దిగితే నాలుగు రోజుల్లో మానిపోయేది. ఇప్పుడు అలాంటి పుండే వారాల తరబడి సలుపుతుంది. ఎందుకని? ఇందుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో మనం అంతగా వినని కారణం ఒకటుంది. అది మన కణాల నడక.

ముల్లు దిగిన చోటికి ముందుగా పరుగెత్తేవి తెల్ల రక్తకణాలు. కొంత దూరం రక్తమే వాటిని మోసుకొస్తుంది. ఆ తర్వాత రక్తనాళం గోడ సందుల్లో దూరి సొంతంగా పాకవలసిందే. వాటి వేగం నిమిషానికి సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు. మిల్లీమీటరు దూరానికి గంట, గంటన్నర పడుతుందన్నమాట. కాళ్లు లేని కణం నడిచేదెలా?

ప్రాజెక్టు కాలనీ వాళ్లకు ఇది చెప్పడం సులువు. డ్యామ్ పనుల్లో సెంట్రింగ్ ఎలా చేస్తారో మనకు తెలుసు. కింది వరస కాంక్రీటు గట్టిపడ్డాక పలకలు ఊడదీసి పై వరసకు బిగిస్తారు. ఉన్న సామానే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. కణంలో అలాంటి సామాను ఆక్టిన్ అనే ప్రోటీన్. దీనిని 1942లో హంగరీలో స్ట్రౌబ్ అనే శాస్త్రజ్ఞుడు కండరంలో కనుగొన్నాడు. విడి గుండ్ల లాంటి ఆక్టిన్ అణువులు వరసగా అతుక్కుని పోగులవుతాయి. ముందు అంచున పోగులు పెరిగి కణం పొరను నెడతాయి. పాత పోగులు విడిపోయి, ఆ సామాను మళ్లీ ముందుకు చేరుతుంది.

ఈ పనికి మేస్త్రీలున్నారు. ఆర్ప్ 2/3 అనేది ఏడు ప్రోటీన్ల ముఠా. పాత పోగు పక్కన సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది. కాపింగ్ ప్రోటీన్ పోగు కొసకు మూత పెట్టి, అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపుతుంది. కోఫిలిన్ పాత పోగులను తెంచుతుంది. ప్రొఫిలిన్ విడి ఆక్టిన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. వీటిపైన ఇంజనీర్ల వంటివి ర్యాక్, సిడిసి 42, రో. ర్యాక్ ముందుభాగాన్ని పరిపిస్తుంది, సిడిసి 42 దిక్కు చూపుతుంది, రో వెనుక భాగాన్ని లాగిస్తుంది.

మరి కూలి? అది ఏటీపీ. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి దీనిని కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఆక్టిన్ ఏటీపీని పట్టుకుని పోగులో చేరి, తర్వాత దానిని ఖర్చు చేస్తుంది. ఖర్చయిన గుర్తును బట్టే ఏది పాత పోగో కోఫిలిన్ పోల్చుకుంటుంది.

మేస్త్రీకి కబురందకపోతే ఏమవుతుంది? సిడిసి 42 ఆజ్ఞను ఆర్ప్ 2/3కి చేరవేసే వాస్ప్ అనే ప్రోటీన్ కొందరు పిల్లల్లో పుట్టుకతోనే లోపిస్తుంది. ఆ జబ్బు పేరు విస్కాట్–ఆల్డ్రిచ్. దాదాపు ఎప్పుడూ మగపిల్లలకే వస్తుంది. దానికి కారణమైన జన్యువును 1994లో గుర్తించారు. మనవడికి ఎగ్జిమా, తరచుగా రక్తస్రావం, మాటిమాటికి ఇన్‌ఫెక్షన్లు కలిసి కనిపిస్తే దిష్టి అనుకుని ఊరుకోకండి, పెద్ద డాక్టరుకు చూపించండి. ఎముక మజ్జ మార్పిడితో నయమైన పిల్లలున్నారు.

ఇక మన సంగతి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల తెల్లకణాలు వేగం తగ్గకపోయినా దారి తప్పుతున్నాయని 2014లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు ప్రకటించారు. చక్కెర వ్యాధి అదుపు తప్పితే ఈ నడక ఇంకా మందగిస్తుంది. పైగా కాలికి స్పర్శ తగ్గుతుంది, రక్తం సరిగా అందదు. ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి వేలు తీసేయాలంటారు.

కాబట్టి చక్కెర ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. కళ్లు ఆనకపోతే కోడలినో మనవరాలినో చూడమనండి, మొహమాటం వద్దు. మల్లన్న దర్శనానికి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం కాలే బండలపై వట్టి కాళ్లతో నడవకండి, ఉదయం చల్లని వేళ వెళ్లండి. చిన్న పుండైనా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

లోపలి మేస్త్రీలు రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటారు. వారికి అడ్డు రాకుండా చూడడం మన వంతు.