తెలిసి పెట్టే సంతకం



కాలేజీ ఆడపిల్లలు నలుగురు కూర్చుంటే చీరల గురించి, సినిమాల గురించే మాట్లాడుకుంటారని కొందరు అంటారు. అది నిజం కాదు. 1974లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థినులు ముందు నిలిచి ప్రగతిశీల మహిళా సంఘం పెట్టారు. కట్నం గురించి మాట్లాడారు. వీధుల్లో ఆడపిల్లల్ని ఏడిపించడం గురించి మాట్లాడారు. మాటలతో ఆగలేదు, ఊరేగింపులు తీశారు.

ఇప్పటి పిల్లలూ ఇలాంటి సంగతులు మాట్లాడుకుంటున్నారు. వాటిలో ఆస్తి హక్కు ఒకటి. ఒక హాస్టల్లో డిగ్రీ చదివే అమ్మాయిల మధ్య ఈ మాట వచ్చిందనుకోండి. "మీ అమ్మకి పుట్టింటి నుంచి ఏం వచ్చింది?" అని ఒకరు అడిగారనుకోండి. ఎవరెవరు ఏమంటారో వినండి.

ఒక అమ్మాయి అంటుంది: "మా అమ్మకి పసుపు కుంకుమ కింద అర ఎకరం ఇచ్చామన్నారు. నోటిమాటే. కాగితం లేదు. ఆ పొలం ఇప్పటికీ మామయ్యే దున్నుకుంటున్నాడు."

ఇంకో అమ్మాయి అంటుంది: "తాత పోయాక మా అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఏం కాగితమో చెప్పలేదు. అమ్మ అడగలేదు. చీర పెట్టి పంపారు."

మూడో అమ్మాయికి సందేహం వస్తుంది: "కట్నం ఇచ్చాక మళ్ళీ భాగం ఎందుకు? రెండూ అడగడం న్యాయమా?"

దానికి జవాబు పక్కనున్న అమ్మాయే చెబుతుంది: "మా అక్కకి కట్నం ఇవ్వడానికి నాన్న అప్పు చేశాడు. ఆ డబ్బు అక్క కంటితో చూడలేదు. అత్తవారి చేతికి పోయింది. కట్నం ఆడపిల్లకి ఇచ్చినట్టు ఎలా అవుతుంది?"

ఆ మాట నిజం. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా పుచ్చుకుంటే ఆ సొమ్ము ఆ అమ్మాయికే అప్పగించాలని కూడా ఆ చట్టం చెబుతుంది. కాబట్టి "కట్నం ఇచ్చాం, భాగం లేదు" అనే మాట చట్టం ముందు నిలవదు.

చట్టం ఏం చెబుతుంది?

"ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని సామెత. చట్టం ఆ సామెతను ఒప్పుకోలేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి తాను సంపాదించిన ఆస్తికి వీలునామా రాయకుండా చనిపోతే కొడుకులు, కూతుళ్ళు, భార్య, తల్లి సమానంగా పంచుకోవాలని చెప్పింది. వీలునామా రాస్తే మాత్రం అది ఆయన ఇష్టం. తాతల నాటి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండిపోయింది.

ఆ తేడా తీసేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో సవరణ చేశారు. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడవాళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ సవరణ వచ్చింది. పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని చెప్పింది. తండ్రి 2005 కంటే ముందే చనిపోయినా ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితం మీదగానీ, కోర్టు ద్వారాగానీ పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడలేరు.

ముస్లిం కుటుంబాల్లో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా లేకపోతే ఇద్దరికీ సమానం. గిరిజనులకు వారి ఆచారం ప్రకారం ఉంటుంది.

పుట్టిల్లు పోతుందా?

చట్టం తెలిసినా ఆ అమ్మాయిల్లో ఒకరు అసలు మాట అంటారు: "భాగం అడిగితే అన్న మొహం చూస్తాడా? పండక్కి ఎవరు పిలుస్తారు? కాపురంలో గొడవొస్తే ఏ గడప ఎక్కాలి?"

ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. ఎంతోమంది ఆడవాళ్ళు ఈ భయంతోనే సంతకం పెడతారు. అన్నదమ్ములు నిజంగానే ఇబ్బందుల్లో ఉండొచ్చు. వాళ్ళ మీద ప్రేమతో ఒక చెల్లెలు తన వాటా వదులుకోవచ్చు. అది ఆమె ఇష్టం.

కానీ తెలిసి వదులుకోవడం వేరు. తెలియక పోగొట్టుకోవడం వేరు. ఆ కాగితంలో ఎన్ని ఎకరాలున్నాయో, దాని ధర ఎంతో తెలిసి వదులుకుంటే అన్నకి అదొక దానం. అప్పుడు చెల్లెలి విలువ అన్నకీ తెలుస్తుంది. చీర మాటున తీసుకుంటే అది దానం కాదు.

"మాకు భూమే లేదు. మా అమ్మ కూలికి పోతుంది. మాకెందుకీ మాటలు?" అని ఇంకో అమ్మాయి అడగొచ్చు. భూమి లేని ఇంట్లోనూ కాగితాలుంటాయి. ప్రభుత్వం ఆడవాళ్ళ పేరున ఇచ్చిన ఇళ్ళ స్థలం పట్టా ఉంటుంది. సంఘం అప్పు కాగితం ఉంటుంది. పేరు ఆమెది, సంతకం ఆమెది. కాగితం మాత్రం వేరేవాళ్ళ పెట్టెలో ఉంటే లాభమేమిటి?

సంతకం పెట్టేముందు

వాటా వదులుకునే కాగితాన్ని హక్కు విడుదల పత్రం అంటారు. భూమి, ఇల్లు విషయంలో అది రిజిస్టరు కావాలి. ఒకసారి రిజిస్టరు అయితే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మోసంతోనో, బెదిరించో పెట్టించారని కోర్టుకు వెళ్ళవచ్చు. కానీ దాన్ని రుజువు చేయాల్సింది సంతకం పెట్టిన మనిషే. అందుకే ముందు జాగ్రత్త మేలు.

కాగితం పైన ఏం పేరు రాసుందో చదవండి. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు చూడండి. "విడుదల", "వదులుకున్నాను" అనే మాటలు ఉన్నాయేమో వెతకండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. అర్థం కాకపోతే "రేపు పెడతాను" అనండి. ఒక రోజు ఆగితే కాగితం ఎక్కడికీ పోదు. ఒక నకలు అడిగి తీసుకోండి.

ఆడవాళ్ళకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయరు సాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా సంస్థలో అడగండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు.

వేలిముద్ర వేసే రోజుల్లో ఎవరు ఏం చదివి వినిపిస్తే అదే నమ్మాల్సి వచ్చింది. ఇప్పుడు అక్షరం మీ చేతిలో ఉంది. మీ పేరు రాయడం నేర్చుకున్నారు. ఆ పేరు దేని కింద రాస్తున్నారో చదవడం కూడా చదువే.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో మీ పేరున ఏ ఏ కాగితాలు ఉన్నాయి? అవి ఎవరి దగ్గర ఉన్నాయి?
2. మీ ఊళ్ళో పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమికి కాగితం రాస్తున్నారా?
3. మీ కూతురికీ, కొడుక్కీ మీరు ఏమివ్వాలనుకుంటున్నారు?